ఎవడిదో దగ్గు

గుణుపురం బస్టాండుకి ఎదురుగా
ఒడియాలో ఒక బోర్డు, తెలుగులో ఒక బోర్డు,
రెండింటి కిందా ఒకటే కొట్టు. నాది.
రీచార్జి, స్క్రీన్ గార్డు, చెవి వైర్లు,
అడిగినోడికి చిప్పులో సినిమాలు.
పది రూపాయలకి ఒకటి, పాతిక్కి మూడు.

తప్పని తెలీదా అంటే
తెలుసు.
కానీ మా ఊళ్ళో తెలుగు బొమ్మ ఆడదు.
పార్వతీపురం బస్సో, పర్లాకిమిడి బండో ఎక్కాలి.
రానూపోనూ ఛార్జీలు, ఒక పూట కూలి,
ఆఖరి బస్సు తప్పితే రాత్రంతా దోమలు.
ఈ లెక్క వేసి చెప్తే
ఎవరూ ఎదురు మాట్లాడలేదు.
నా లెక్క నాకే ముద్దొచ్చేది.

బిసోయి మాస్టారు రిటైరయ్యాక తెలుగు సినిమా మరిగారు.
"మాట సగమే అర్థమౌతుంది, ఏడుపు మొత్తం" అనేవారు.
ప్రతిసారీ కొట్టుకి రాలేక
ఇంట్లోంచే చూసుకునే దారి చెప్పమన్నారు.
చెప్పాను. నొక్కండి, మూసేయండి, మళ్ళీ నొక్కండి,
అడిగినదానికల్లా సరే అనండి.
ముప్పయ్యేళ్ళు పిల్లలకి
"ఎందుకు" అనడం నేర్పిన మనిషి
అడిగినదానికల్లా సరే అన్నారు.
మూడో రోజు పొద్దున బ్యాంకులో
జీడిపిక్కలమ్మిన డబ్బు లేదు, పింఛను లేదు,
పదకొండు రూపాయలున్నాయి.
తిట్టలేదు. నా బల్ల మీద కూచుని టీ తాగారు.
టీ ఎనిమిది రూపాయలు.
ఆయనే ఇచ్చారు.

అయినా శుక్రవారం రాత్రి సరుకు దిగుతూనే ఉంది.
హాల్లో ఎవడో ఒళ్ళో దాచి తీసింది,
బొమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది,
ఒక తలకాయ లేచి తలుపు వైపు పోతుంది,
ఒక చంటిది ఏడుస్తుంది.
ఈసారి దాంట్లో నలభయ్యో నిమిషంలో దగ్గు.
పొడి దగ్గు, మూడుసార్లు, ఆగి ఇంకోసారి.
ఏటవతలి ఊళ్ళన్నిటికీ
ఆ దగ్గుని నేనే పంచాను.

ఆ వారంలోనే దాలిబాబు ఫోను.
నాతో ఎనిమిది దాకా చదివి, హైదరాబాదు పోయి
సినిమాలకి అడుగుల చప్పుడు చేస్తాడు.
అదో పని. తెర మీద ఎవరు నడిచినా
చీకటి గదిలో వీడు నడవాలి.
"విన్నావేట్రా? ఆ పిల్ల ఏటి ఒడ్డున నడిచేదీ,
అది మన వంశధార ఇసక.
మొన్నొచ్చినప్పుడు సంచిలో పట్టుకొచ్చాను.
నాలుగు రాత్రులు నడిచాన్రా దాని మీద."
నలభయ్యో నిమిషం.
విన్నాన్రా అన్నాను.

"పేరు కూడా పడింది, ఆఖర్న చూడు."
నా కాపీలో ఆఖరు లేదు.
పెళ్ళయిపోగానే పచ్చ అక్షరాల్లో
పేకాడి లక్షలు గెలవమని పిలుపు.

ఆదివారం కొట్టు మూసి పర్లాకిమిడి బండెక్కాను.
టికెట్టు ఎటువైపు చింపుతారో కూడా
మర్చిపోయాను.
నలభయ్యో నిమిషంలో ఎవరూ దగ్గలేదు.
ఆ పిల్ల నడిచింది.
ఎండిన ఇసక నా పళ్ళ కింద పడ్డట్టు కరకర,
నీళ్ళంచుకి రాగానే మెత్తగా,
మడమ దిగబడి ఊడొచ్చినప్పుడల్లా ముద్దు చప్పుడు.
ఎడంకాలు కాస్త ఈడుస్తోంది.
బడికి పోయేప్పుడూ వాడింతే.
తెర మీద కథానాయిక
మా దాలిగాడి కాలు ఈడ్చుకుంటూ పోయింది.

పేరు కోసం కూచున్నాను.
నాలుగు వరసలు పైకి పోయాయో లేదో
లైట్లు వేసి బొమ్మ ఆపేశారు.
"లెగండి బాబూ, రెండో ఆటుంది" అంది చీపురావిడ.
ఇక్కడా కోసేస్తున్నారే అని నవ్వొచ్చింది.
బయటికి రాలేదు.

సోమవారం ఒక గుంటడొచ్చాడు,
అరచేతి చెమటలో తడిసిన చిప్పు.
"కొత్తది ఉందా అన్నా?"
వాడి దగ్గర పార్వతీపురం ఛార్జీ లేదు, నాకు తెలుసు.
నా పాత లెక్క ఇంకా తప్పు కాలేదు.
లేదన్నాను.
ఉంది.

వాడు మెట్లు దిగాడు.
హవాయి చెప్పులు, సిమెంటు మీద టపటప,
కంకర మీద గరగర,
తర్వాత దుమ్ము.
దుమ్ములో అడుగు ఎలా పడుతుందో
ఇన్నేళ్ళూ వినలేదు.
ఫ్యాను ఆపాను.